చెంపకు ఆనించని నీళ్ళు

పోయిన నెల నా చేతికి ఒక కాగితం వచ్చింది. దాని మీద ఇంగ్లీషులో పది వాక్యాలున్నాయి. వాటిని తెలుగు చేసి ఇస్తే బోర్డు మీద రాయించి గోడకు తగిలిస్తారట. ముప్పై ఏళ్ళు బడిలో డ్రాయింగ్ చెప్పి, రిటైరయ్యాక పాతబస్తీ మీద పత్రికల్లో నాలుగు వ్యాసాలు రాసిన పాపానికి ఇట్లాంటి ఊరికే చేసిపెట్టే పనులు ఉప్పుగూడలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తుంటాయి. సరేనని కూర్చుని నాలుగు వాక్యాలు హాయిగా దించాను. అయిదో వాక్యం ఇది: “మా తాతగారి కాలంలో ఈ ఝూమర్‌ను కడిగే స్థానిక పనివాడొకడు అసలు స్ఫటికపు లోలకులు దొంగిలించి, వాటి స్థానంలో నకిలీవి తగిలించాడు.” పనివాడి పేరు రాయలేదు. వాళ్ళకు తెలిస్తే కదా రాయడానికి. నాకు తెలుసు. ఆయన పేరు కొమురయ్య, మా బాపు. ఆయన దొంగ అని ఆయన కూతురు చేతనే అచ్చ తెలుగులో రాయించుకోవడానికి వచ్చిన ఆ కాగితాన్ని అక్కడికక్కడే చించెయ్యాల్సింది. చించలేదు. మడిచి కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని, మూడు రోజులు పాలవాడి మీద, ఆటోవాళ్ళ మీద, ఫోన్ చేసిన ప్రతి మనిషి మీదా అరిచాను. అరవాల్సిన చోట అరవకుండా అడ్డమైన చోటల్లా అరవడం నాకు చిన్ననాటి నుంచీ ఉన్న జబ్బే.

కాగితం ఇచ్చినవాడు విక్రమ్ అనే కుర్రాడు. ఒకప్పుడు మేమంతా రాజాసాబ్ దేవిడి అని పిలిచిన పెద్ద మేడకు వారసుడు, రాజాసాబ్ మనవడు. దేవిడి ఇప్పుడు లేదు. దాన్ని కూల్చి ఫంక్షన్ హాలు కట్టారు. కూల్చే ముందు దర్బారు గదిలో వేలాడే ఝూమర్‌ను, అంటే లోలకులు వేలాడే ఆ గాజు దీపాల గుత్తిని, విప్పి గోనెసంచుల్లో పోసి ఉంచారు. అది వాళ్ళ ముత్తాతల కాలంలో చెక్ దేశం నుంచి ఓడ మీద వచ్చిందట. అందుకని విక్రమ్ ఆ దేశం నుంచే ఒక శిల్పిని పిలిపించాడు. ఆమె పేరు హానా, గాజుతో శిల్పాలు పోస్తుంది. ఫలక్‌నుమా స్టేషను వెనక మూతపడ్డ ఒక కార్ఖానా షెడ్డు అద్దెకు తీసుకుని, పెద్ద కరెంటు బట్టీ పెట్టించి, ఆ లోలకులన్నిటినీ కరిగించి ఆమె ఒక శిల్పం చేస్తుందని, షెడ్డులోనే ప్రదర్శన పెడతామని చెప్పాడు. “ఇది మన హెరిటేజ్ ఆంటీ, మీలాంటివాళ్ళు ఇన్వాల్వ్ కావాలి” అన్నాడు. నేను ఆ హెరిటేజ్‌లో ఎంతగా ఇన్వాల్వ్ అయి ఉన్నానో వాడికి తెలియదు.

మా ఇల్లు అప్పట్లో ఛత్రినాకలో ఉండేది. రెండు గదులు, వెనక రేకుల పందిరి, పందిరి కింద అమ్మ బర్రె. ఇంట్లో ఎప్పుడూ రెండే వాసనలు, బర్రె వాసన, కుంకుడుకాయల వాసన. పాలు పోసి ఇల్లు గడిపేది అమ్మే అయినా బాపు పనికి ఉన్న గౌరవం అమ్మ పనికి లేదు. బాపు ఝూమర్లు కడిగేవాడు. పాతబస్తీలో దేవిడీలు ఇంకా కాస్త కళగా ఉన్న రోజులవి. పండుగకో పెండ్లికో ముందు కబురొచ్చేది. బాపు తెల్లధోవతి కట్టుకుని, కుంకుడుకాయల సంచి భుజాన వేసుకుని, ఎవరో పట్టాభిషేకానికి పిలిచినట్టు నడిచేవాడు. ఆయనది ఎడమచేతి వాటం. అన్నం మాత్రం కుడిచేత్తో తినేవాడు, తక్కిన పనులన్నీ ఎడమచేతివే. నాకు పదేళ్ళు వచ్చినప్పటి నుంచి నన్నూ వెంట తీసుకుపోయేవాడు. ఝూమర్ కొమ్మల సందుల్లోకి పెద్దవాళ్ళ వేళ్ళు దూరవు, నా వేళ్ళు దూరేవి. “ఆడిపిల్లను దేవిడీలకు తిప్పుతవా?” అని అమ్మ మొత్తుకునేది. “గీ పని దానికే ఇస్త. కొడుకుంటె మాత్రం ఇంత సన్నటి చెయ్యి ఉంటదా?” అనేవాడు బాపు. ఆ మాట వినగానే నాకు కడుపు నిండిపోయేది, నిజం చెప్పొద్దూ.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. నేల మీద పాత తెల్ల దుప్పటి పరిచి, ఝూమర్‌కు ఎన్ని వరసలుంటే అన్ని గుండ్రాలు బొగ్గుతో గీసేవాడు. దింపిన ప్రతి లోలకూ తన గుండ్రంలో తన చోట పడుకోవాలి, ఒక్కటి అటూ ఇటూ కాకూడదు. కుంకుడుకాయలు కొట్టి కాచిన నీళ్ళలో నిమ్మచెక్క పిండి, ఆ నీళ్ళను చల్లార్చి, లోలకులను నాలుగైదు చొప్పున ముంచి, పాత మల్లు గుడ్డతో తుడవాలి. ముంచే ముందు ఆ నీళ్ళను చెంపకు ఆనించి చూడాలి. చెయ్యి పనికి రాదు, ఎందుకంటే పని చేసే చెయ్యి మొద్దుబారి ఉంటుంది, వేడిని సరిగ్గా చెప్పదు. చెంపకు వెచ్చగా తగిలినా సరే ఆగాలి. తగిలీ తగలనట్టుంటేనే గాజును ముంచాలి. బాపు నాకు నేర్పిన మొదటి ముచ్చట అదే. “చెంపకు అబద్ధం రాదు బిడ్డా” అనేవాడు.

నాకు పదమూడేళ్ళప్పుడు, గజగజ వణికే చలిలో, రాజాసాబ్ దేవిడిలో దర్బారు గది ఝూమర్ దింపాం. లోలకులు రాత్రంతా బండల మీద దుప్పటిలో పడుకుని మంచుముక్కల్లా ఉన్నాయి. పొద్దున్నే బాపు నిచ్చెన మీద ఉన్నాడు. నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పొయ్యి మీంచి అప్పుడే దింపిన కుంకుడు నీళ్ళలో చేతులు పెట్టుకోవాలని తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. “చెంపకు పెట్టి చూసినవా?” అని పైనుంచి అడిగాడు. “చూసిన” అన్నాను. చూడలేదు. ఆ వేడినీళ్ళు తొట్టిలో పోసి పదకొండు లోలకులు ఒక్కసారే వేశాను. తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడైంది. పదకొండుకు పదకొండూ విచ్చిపోయాయి. బాపు నిచ్చెన దిగి వచ్చి తొట్టిలోకి చూశాడు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అటూ ఇటూ చూసి, “ఎవలన్న జూసిన్రా?” అన్నాడు. లేదన్నాను. ముక్కలన్నీ ఏరి తన సద్దిడబ్బాలో వేసుకుని మూత పెట్టాడు. మిగిలినవాటితో ఖాళీలు గోడవైపుకు వచ్చేట్టు సర్ది, సాయంత్రానికి ఝూమర్‌ను మళ్ళీ ఎక్కించాడు.

ఆ తర్వాత రెండు నెలలు మా పందిరి కింద ఏం జరిగిందో అమ్మకు కూడా తెలియదు. జుమ్మేరాత్ బజార్‌లో పాత పేపర్‌వెయిట్లు, ఆఫీసుల్లో కాగితాల మీద పెట్టే గుండ్రటి గాజు గడ్డలు దొరికేవి. బుడగల్లేనివి ఏరి తెచ్చేవాడు. ఇసుక, నీళ్ళు పెట్టి సన్నటి ఇనుప తీగతో వాటిని కోసేవాడు. అమ్మ పాలు పోయడానికి పోయిన గంటల్లో నేను సానరాయి చక్రం తిప్పేదాన్ని, ఆయన ఎడమచేత్తో గాజు ఆనించి ఒక్కో పలకా దిద్దేవాడు. పైన కట్టిన డబ్బాలోంచి చుక్కచుక్కగా నీళ్ళు పడేవి. ఒక్కో లోలకుకు నాలుగైదు రోజులు పట్టేది. చెక్కి, ఎండలోకి ఎత్తి పట్టి, పెదవి విరిచి మళ్ళీ చెక్కేవాడు. చివరికి పదకొండూ తయారయ్యాయి. కొక్కెం చూడాలన్న వంకతో దేవిడికి పోయి ఖాళీలన్నీ నింపి వచ్చాడు. ఆ రోజు ఇంటికి జిలేబీ తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో తెలియక అమ్మ ఆయన వంక వింతగా చూసింది.

ఏడాది తిరగకుండానే ఝూమర్ కొనడానికి బొంబాయి నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. దేవిడి వాళ్ళు గుట్టుగా ఒక్కొక్క వస్తువూ అమ్ముకుంటున్న కాలం. ఆ వ్యాపారి ప్రతి లోలకునూ గోటితో కొట్టి విన్నాడట. స్ఫటికం ఖంగుమంటుంది, మామూలు గాజు ఠక్కుమంటుంది. పదకొండు ఠక్కుమన్నాయి. బేరం చెడింది. ఆ మధ్యాహ్నమే దేవిడి లెక్కలు చూసే మున్షీ ఇద్దరు మనుషులతో మా గల్లీకి వచ్చాడు. బాపును ఇంట్లోంచి ఈడ్చి, కాలి చెప్పు తీసి, గల్లీ అంతా చూస్తుండగా కొట్టాడు. “అస్లీ కాఁ బేచా రే? బోల్!” అసలువి ఎక్కడ అమ్మావు, చెప్పు అంటూ కొట్టాడు. నేను గడపలో ఉన్నాను. నా చేతిలో పాలగిన్నె ఉందని కూడా గుర్తుంది. నోరు తెరవబోయాను. తెరవబోయాననే ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. బాపు నా వంక ఒక్క చూపు చూసి, మున్షీకి చేతులు జోడించి, “అమ్ముకున్న సాబ్. తప్పైంది” అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా గమ్మున నిలబడ్డాను. రెండు రోజులు ఠాణాలో ఉంచి వదిలిపెట్టారు. ఝూమర్ అమ్ముతున్న సంగతి బయటపడితే దేవిడి పరువు పోతుందని కేసు పెట్టలేదు. వాళ్ళకు పరువుండేది మరి.

ఇంటికి వచ్చాక అమ్మ అడిగిన మొదటి మాట, “అమ్మితివి గద, ఆ పైసలేవి?” అని. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. కల్లుకు తగలేశాడని అమ్మ అనుకుంది, చనిపోయేదాకా అదే అనుకుంది. ఒకరోజు బర్రెకు గడ్డి వేస్తుంటే నేను ఆయన్ను ఏడుస్తూ అడిగాను, ఎందుకట్లా ఒప్పుకున్నావని. అటూ ఇటూ చూసి, మెల్లగా చెప్పాడు. “దొంగ అంటె ఒక్కని పేరు ఖరాబైతది బిడ్డా. నాతోని పోతది. చెయ్యి జారిందంటె గట్ల కాదు. గా ఇంటి చెయ్యే మంచిది కాదంటరు. రేపు నీకు ఎవ్వడు ఝూమర్ ముట్టనియ్యడు. ఎవ్వరికీ చెప్పకు, అమ్మకు గిట్ల చెప్పకు.”

ఇదీ ఆయన లెక్క. ఈ పని చేసేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తట్టని లెక్క. దొంగతనం కన్నా పగలగొట్టడం పెద్ద తప్పు వాళ్ళకు. దొంగను రెండు తన్ని మరిచిపోతారు, గాజు జారవిడిచే చేతిని మరిచిపోరు. ఆ చేతిని కాపాడటానికి తన పేరును చెప్పు కిందకు తోశాడు. ఆ లెక్క తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎంత తెలివితక్కువ లెక్క! దొంగ కూతుర్ని ఏ దేవిడి రానిచ్చింది? ఏ ఝూమర్ ముట్టనిచ్చింది? ఆయన్నే ఎవరూ పిలవలేదు. కుంకుడుకాయల సంచి చిలక్కొయ్యకు వేలాడి వేలాడి చీకిపోయింది. మిగిలిన కాలమంతా ఒక సైకిల్ దుకాణం ముందు కూర్చుని కత్తెరలకు సాన పట్టాడు. “ఏం కొమురన్నా, ఇయ్యాల ఎన్ని లోలకులు అమ్మినవ్?” అని దారిన పోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా ఆయన్ను పట్టుకుని కుదపాలనిపించేది. నన్ను అడక్కుండా నా బదులు తను దెబ్బలు తిన్నాడు. నేను నోరు విప్పే హక్కును కూడా తన సద్దిడబ్బాలో వేసుకుని మూత పెట్టాడు. తండ్రి త్యాగమని మీరు కన్నీళ్ళు పెట్టుకోవచ్చు. ఆ త్యాగం కింద యాభై ఏళ్ళు ఊపిరాడక బతికినదాన్ని నేను, నాకు కన్నీళ్ళు రావడం లేదు.

మూడు రోజులు అరిచి అలిసిపోయాక నాలుగో రోజు ఫలక్‌నుమా షెడ్డుకు పోయాను. కాగితం విక్రమ్ మొహాన కొట్టి రావాలన్నది నా ఉద్దేశం. విక్రమ్ లేడు. హానా ఉంది. డెబ్బై దాటిన మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, మగవాళ్ళ బూట్లు, వేళ్ళ కొసలు అరిగిపోయిన చేతులు. నేల మీద దుప్పటి పరిచి లోలకులు పోసుకుని, ఒక్కొక్కటే గోటితో కొట్టి వింటోంది. ఆమెది తడుముకునే ఇంగ్లీషు, నాది బడి ఇంగ్లీషు, ఇద్దరికీ బాగానే సరిపోయింది. నేను బోర్డు రాసే మనిషినని తెలిసి స్టూలు చూపించింది. ఏం చేస్తున్నావని అడిగితే తన పని సంగతంతా చెప్పింది. మట్టితో బొమ్మ చేసి, దాని చుట్టూ అచ్చు పోసి, మట్టి తీసేసి, ఆ ఖాళీలో గాజు ముక్కలు నింపి బట్టీలో పెడుతుందట. కరగడం ఒక్క రోజు పని. చల్లారడానికి మాత్రం వారాలు పడుతుంది. రోజుకు కాసిని డిగ్రీలే దించాలి. తొందరపడితే శిల్పం నిలువునా విచ్చిపోతుంది. అది విని నేను తల దించుకున్నాను. ఈసారి గాజు దిమ్మ లోపల ఒక ఝూమర్ ఆకారంలో ఖాళీ ఉంటుందట, ఝూమర్ ఉండదట. “నేను ఎప్పుడూ పోయినదాని ఆకారమే చేస్తాను” అంది. మా అమ్మ వింటే, ఖాళీ చేయడానికి ఇంత కరెంటు ఎందుకే అని ఉండేది.

తన సంగతి కూడా చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ప్రతి ఇంటిదీ గాజు పనేనట. వాళ్ళ అమ్మమ్మ వంటింట్లో కూర్చుని తీగకు లోలకులు గుచ్చేది, నాన్న ఫ్యాక్టరీలో వాటిని చెక్కేవాడు. ఈమె శిల్పం నేర్చుకునే బడికి పోవాలనుకుంటే, నాన్న ఏదో మీటింగులో అప్పటి సర్కారు పెద్దలకు నచ్చని మాట అన్నాడని ఈమెకు సీటు ఇవ్వలేదు. ఆ మాట వెనక్కి తీసుకొమ్మంటే ఆయన తీసుకోలేదు. రెండేళ్ళు ఈమె ఫ్యాక్టరీలో లోలకులు చెక్కింది. తర్వాత బడీ దొరికింది, పేరూ వచ్చింది, దేశదేశాల్లో ఆమె గాజు దిమ్మలు నిలబడ్డాయి. “ఆ రెండేళ్ళకు మా నాన్న మీద ఇంకా కోపమే. అందరూ ఆయన ధైర్యాన్ని మెచ్చుకుంటారు, మూల్యం చెల్లించింది నేను” అంది. తండ్రి మాట్లాడి చెరిచాడని ఆమె కోపం. నాకు హానా మీద మొదటిసారి ఇష్టం కలిగింది.

పక్కనే ఒక ట్రే ఉంది. అందులో తొమ్మిది లోలకులు. పదకొండులో తొమ్మిది మిగిలాయన్నమాట. చూడగానే గుర్తు పట్టాను. చక్రం తిప్పిన చేతులు ఎట్లా మరిచిపోతాయి? ఏమీ ఎరగనట్టు, అవేమిటని అడిగాను. ఇవి వేరే గాజు, వీటిని స్ఫటికంతో కలిపి కరిగిస్తే చల్లారేటప్పుడు శిల్పం పగులుతుంది, అందుకే తీసేశానని చెప్పింది. విక్రమ్ వాటిని విడిగా, నకిలీవని పేరు పెట్టి చూపిస్తాడట. “అవును, దొంగ లోలకులు” అన్నాను నేను, కావాలనే. హానా నా వంక చూసి, ట్రేలోంచి ఒకటి తీసి కిటికీ వెలుగుకు పట్టింది.

“ఆ కాగితం నేనూ చదివాను. నాకు నమ్మకం లేదు. ఇది చూడండి. ఎడమచేతి వాటం మనిషి చేశాడు, పలకలన్నీ మా వాళ్ళు చెక్కేదానికి ఎదురు దిక్కులో తిరిగాయి. మా ఫ్యాక్టరీ చక్రం లాంటిది ఈయన ఎప్పుడూ చూడలేదు. ఒక్కో పలకనూ మూడుసార్లు, నాలుగుసార్లు దిద్దాడు. ఇందులో రోజుల పని ఉంది. దొంగ ఇంత పని ఎందుకు చేస్తాడు? బజారులో దొరికే గాజుముక్క తగిలించి పోతాడు.” లోలకును తిప్పి తిప్పి చూసింది. “భయంతో చేసిన పని ఇది. తన కోసం భయపడేవాడైతే తొందరపడతాడు. ఈయన తొందరపడలేదు. ఎవరి కోసం భయపడ్డాడో?”

“నా కోసం” అన్నాను.

ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన మనిషి అయిదు నిమిషాలు చూసి చెప్పేసింది. మా గల్లీలో ఒక్కరికి, ఒకే కంచంలో తిన్న మా అమ్మకు, అంత కొట్టి అడిగిన మున్షీకి ఇది తట్టలేదు. తెలిసిన నేను చెప్పలేదు. అప్పుడు చెప్పాను, మొత్తం చెప్పాను, నీళ్ళ దగ్గర నుంచి చెప్పు దాకా. ఏడవలేదు, గొంతు మాత్రం షెడ్డు రేకులు అదిరేట్టు లేచింది. ఆమె ఓదార్చలేదు. చివరిదాకా విని, “మరి బోర్డు?” అంది.

విక్రమ్ వచ్చాక ఆమె ముందే వాడికీ చెప్పాను. వాడు మర్యాదస్తుడు. “అయ్యో ఆంటీ, సో సారీ, పర్సనల్‌గా తీసుకోకండి” అన్నాడు. నా తండ్రి దొంగ అంటే పర్సనల్ కాదట! పైగా, “మా ఫ్యామిలీలో అందరూ అదే స్టోరీ చెప్తారు, మీ మాటకు డాక్యుమెంట్ ఏమైనా ఉందా?” అని అడిగాడు. చెప్పుదెబ్బకు రసీదు ఇస్తారా నాయనా, మీ మున్షీ ఇచ్చాడా అన్నాను. ఆ మున్షీ కనీసం ఎండలో నడిచి మా గల్లీకి వచ్చాడు, మొహం మీద అన్నాడు. వీళ్ళు ఏసీలో కూర్చుని అదే మాటను అందమైన అక్షరాల్లో అచ్చేసి, చిన్న దీపం పెట్టి మరీ గోడకు తగిలిస్తారు. హానా మాత్రం ఆ వాక్యం ఉంటే తన శిల్పం ఉండదని తేల్చి చెప్పేసింది. ఇంగ్లీషు బోర్డు అప్పటికే తయారైపోయింది కాబట్టి ఆ వాక్యం మీద తెల్ల పట్టీ అతికించారు. అంటే ఇంగ్లీషులో మా బాపు దొంగా కాదు, మనిషీ కాదు, ఒక తెల్ల పట్టీ.

తెలుగు బోర్డు నా చేతిలో పని. విక్రమ్‌కు తెలుగు చదవడం రాదు. నాలుగు తరాలుగా ఈ ఊరి ఉప్పు తిన్న ఇంటి వారసుడికి మాట వచ్చు, అక్షరం రాదు. ఏం రాస్తున్నావని అడగలేదు, నేనూ చెప్పలేదు. అయిదో వాక్యం దగ్గర ఇట్లా రాశాను: “ఈ తొమ్మిది లోలకులు ఛత్రినాక కొమురయ్య చేతి పని. అసలువి ఆయన దొంగిలించలేదు. ఆయన కూతురు వేడినీళ్ళు పోసి పగలగొట్టింది. కూతురిని కాపాడటానికి ఆయన దొంగనని ఒప్పుకుని చెప్పుదెబ్బలు తిన్నాడు.” ఇన్నేళ్ళకు బాపు పెట్టిన మూత తీసి పారేశాననుకుని, ఆ రోజు ఇంటికి వచ్చి కడుపు నిండా తిన్నాను.

ప్రదర్శన మొదలయ్యే రోజు పొద్దున్నే, జనం రాకముందే పోయాను. షెడ్డు నడుమ హానా గాజు దిమ్మ నిలబడి ఉంది, లోపల లేని ఝూమర్ ఆకారంతో. బాగుంది. అబద్ధం చెప్పను, చాలా బాగుంది. హానా ఇంకా రాలేదు. షెడ్డులో పనికి వచ్చే యాదమ్మ ఒక్కతే నేల ఊడుస్తోంది. నా ఈడుదే, ఉప్పుగూడ నుంచి వస్తుంది, రాత్రిబడిలో నేర్చుకున్న చదువట. చీపురు పట్టుకునే తెలుగు బోర్డు ముందు నిలబడి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదువుతోంది. నేను పక్కన నిలబడ్డాను. నాకు తెలిసినంతవరకు ఆ బోర్డుకు మొదటి పాఠకురాలు ఆమే. చదవడం అయిపోయాక నా వైపు తిరిగింది.

“గిదేందమ్మా? నాయిన చెప్పుదెబ్బలు తింటుంటె ఆ పోరి ఏడ వోయింది?”

“అక్కడే ఉంది. గడపలో ఉంది.”

“ఉండి?”

“వాళ్ళ నాయిన చెప్పొద్దని సైగ చేసిండు.”

“నాయిన గట్లనే అంటడు. దానికి నోరు లేదా?”

ఈ నెల రోజులుగా నాకు అందరి మీదా కోపం వచ్చింది. విక్రమ్ మీద, చచ్చిపోయిన మున్షీ మీద, అమ్మ మీద, బాపు మీద. యాదమ్మ మీద తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

“ఆ పోరిని నేనే యాదమ్మా” అన్నాను.

ఆమె చీపురు గోడకు ఆనించి, నన్ను కింద నుంచి పైదాకా చూసింది. “ఎన్నేండ్లుంటయి నీకు అప్పుడు?” అంది.

“పదమూడు.”

చిన్నపిల్లవి, నీకేం తెలుసు అంటుందని ఎదురుచూశాను. ఆ మాట ఎవరైనా అంటే బాగుండునని యాభై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాను.

“పదమూడేండ్ల పోరికి ఎర్క ఉండదా అమ్మా?” అంది యాదమ్మ.

ఉంటుంది. ఉండింది.